తాళం వేసిన ఇళ్ళనూ లెక్కలోకి తీసుకోండి: ఒక తండా నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జనగణన అధికారులకు, గ్రామీణ రహదారుల ఇంజనీర్లకు, పల్లె బస్సుల రూట్లు నిర్ణయించే అధికారులకు నమస్కరించి వ్రాయునది.

మీ మూడు శాఖలకూ విడివిడిగా అర్జీలు పెట్టుకోవడం మా తండాకు కొత్త కాదు. ఈసారి ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. రోడ్డు అడిగితే జనాభా ఎంత అంటారు. బస్సు అడిగితే రోడ్డు ఎలా ఉంది, ఎక్కేవాళ్ళు ఎందరు అంటారు. జనాభా సంగతి అడిగితే 2011 లెక్క చూసుకొమ్మంటారు. ఆ 2011 లెక్క తెరిచి చూస్తే అందులో మా తండా పేరే ఉండదు. ఒక్కొక్కరి జవాబూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది, మూడూ కలిపి చూస్తే మాత్రం మేము తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తాము.

నేను నారాయణపేట జిల్లాలోని ఒక లంబాడా తండాలో పుట్టినవాడిని. ప్రభుత్వ బడిలో పంతులుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 2001లోనూ 2011లోనూ జనగణన ఎన్యూమరేటరుగా ఇల్లిల్లూ తిరిగాను. అందువల్ల ఈ ఉత్తరంలోని ఫిర్యాదులో కొంత భాగం నా చేతిరాత మీద నేను చేసుకుంటున్నదే.

2011 నాటికి మేము ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్నాము. 64 మండలాల ఆ జిల్లా జనాభా 40,53,028 అని, అందులో నూటికి ఇంచుమించు 85 మంది పల్లెల్లోనే ఉన్నారని అప్పటి లెక్క. తరువాత 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ముక్కలయింది, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట ప్రత్యేక జిల్లా అయింది. ఈ రెండింటి నడుమ, 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చి, రాష్ట్రంలో 4,383 కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడి మొత్తం సంఖ్య 12,751కి చేరింది. ఐదువందలకు పైగా జనం ఉన్న తండాలు, గూడేలు పంచాయతీలు కావాలని ఏళ్ళ తరబడి సాగిన కోరిక ఆనాటికి తీరింది. మా తండాకూ బోర్డు వచ్చింది, సర్పంచి వచ్చారు, పంచాయతీ కార్యదర్శి వచ్చారు, చెత్త ట్రాక్టరు కూడా వచ్చింది. అయితే జనగణనకు గ్రామమంటే రెవెన్యూ గ్రామమే, అంటే భూమి రికార్డుల్లో ఉన్న ఊరే కాని పంచాయతీ కాదు. మా తండా ఏ రెవెన్యూ గ్రామపు శివారులో ఉందో ఆ ఊరి అంకెలోనే ఇంకా కలిసి ఉంది. ఇంటి పన్ను రసీదు మీద మేము ఒక ఊరు, దేశపు లెక్కల పుస్తకంలో మరొక ఊరి చివర ఉన్న ఇళ్ళం.

ఇక 2011 ఫిబ్రవరి సంగతి. ఆ నెల 9 నుంచి 28 వరకు తలల లెక్క జరిగింది. 29 ప్రశ్నల పత్రాల కట్ట చేతపట్టుకొని తిరిగే పనిలో నాకు మా తండాయే పడింది. నాలుగో గడప ఒక పెద్దామెది. వాకిట్లో కందికట్టె మోపులు పేర్చి ఉన్నాయి, ఆమె నీడన కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. "యాడీ (అమ్మా), ఇంట్లో ఎంతమందిమి?" అని అడిగితే చాట పక్కన పెట్టి, వేళ్ళు మడుస్తూ ఏడుగురి పేర్లూ చెప్పింది. ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్ళూ దసరా దాటిన వారానికే కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట ముంబయి దగ్గరి భివండీకి పోయారు. ఇంట్లో ఉన్నది ఆమె, ఇద్దరు మనుమలు. నేను మూడు వరుసలు నింపి లేవబోతుంటే, "మిగిలినోళ్ళను రాయవా?" అన్నది. వాళ్ళను అక్కడ రాస్తారు అని నిబంధన చెప్పాను. "అక్కడ ఎవరు రాస్తరు? వాళ్ళుండేది ఇల్లు గాదు, పట్టా కప్పిన గుడిసె" అన్నది. ఆ మాటకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు, ఈనాడూ లేదు.

ఆమె ఇంట్లో ముగ్గురైనా దొరికారు. ఆ వరుసలోనే తాళం వేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. 2010లో ఇళ్ళ జాబితా చేసినప్పుడు తలుపు మీద నేనే రాసిన నంబరు, దాని కింద తాళం, ఆ తాళానికి తుప్పు పట్టకుండా చుట్టి దారంతో కట్టిన పాలిథిన్ కవరు. నెలల తరబడి తెరవబోమని ముందే తెలిసినవాళ్ళు వేసే తాళం అలాగే ఉంటుంది. ఇళ్ళ జాబితాలో ఇల్లు ఉంది, తలల లెక్కలో మనిషి లేడు.

నిబంధనను నేను తప్పుపట్టడం లేదు. లెక్కింపు సాగిన ఆ ఇరవై రోజుల్లో ఏ కొద్ది కాలమైనా తన నివాసంలో ఉన్న మనిషిని అక్కడే రాయాలి, ఆ రోజులన్నీ బయటే గడిపినవాడిని ఎక్కడుంటే అక్కడ రాయాలి, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి వారు పడుకున్న చోట రాయాలి. ఒకే మనిషి రెండుసార్లు లెక్కకు రాకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి దొరకడం కష్టం. అయితే ఈ పద్ధతి రెండు కొసలున్న తాడు వంటిది. మా కొసన మేము మనిషిని వదిలివేసినప్పుడు అవతలి కొసన ఎవరో ఒకరు పట్టుకోవాలి. ముంబయి, పుణె శివార్లలో పునాది గుంతల పక్కన, పైపులైను తవ్వకాల పక్కన, నెలకొక చోట గుడిసె వేసుకునే మావాళ్ళను అక్కడి ఎన్యూమరేటరు ఏ బ్లాకులో వెతకాలి? పైగా దేశమంతటికీ ఫిబ్రవరి అనుకూలమైన నెలే కావచ్చు కాని, దసరా, దీపావళి తరువాత బయలుదేరి, కొందరు ఉగాదికి, అందరూ తొలకరికి తిరిగివచ్చే పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలకు అది ఏడాదిలో ఊరు బాగా పలుచబడి ఉండే నెల.

ఇందులో మాకు కలిసివచ్చే ఒక సంగతి ఉంది, దానిని శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు. ఫిబ్రవరి 15 మా లంబాడాల గురువు సేవాలాల్ మహారాజ్ జయంతి. ఆ పండుగకు కొన్ని కుటుంబాలు రెండు రోజుల కోసమైనా తండాకు వచ్చి వెళ్తాయి. నిబంధన ప్రకారం వారిని ఇక్కడే రాయాలి, అక్కడ రాయకూడదు. కాని ఎన్యూమరేటరు 12వ తేదీననే ఆ వీధి ముగించి పోయి ఉంటే, మార్చి మొదటి రోజుల్లో సరిచూసుకోవడానికి వచ్చేసరికి వాళ్ళు మళ్ళీ బస్సెక్కి ఉంటారు. తండాల్లో లెక్క 15వ తేదీ చుట్టూ జరిగేలా చూడటానికి కొత్త జీవో అవసరం లేదు, ఇక్కడి జనగణన పనిని చూసే చార్జ్ అధికారి ఒక మాట చెబితే చాలు.

మావాళ్ళు ఎక్కడున్నారో తెలియదని మాత్రం అనకండి. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు, పోటీలో ఉన్నవారు ఏ గుంపు ఏ ఊరి పనిలో ఉందో ఫోన్లలో కనుక్కొని, బండ్లు మాట్లాడి మరీ రప్పించుకున్నారు. పోలింగు నాడు మా తండాలో తాళం వేసిన ఇల్లు వెతికినా కనబడలేదు. ఓటుకు దొరికిన మనుషులు లెక్కకు దొరకకపోవడం ఏమిటన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు రోడ్డు విషయం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో 500 మంది, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి అన్ని కాలాల్లో నడిచే రోడ్డు ఇవ్వాలని గీత గీశారు. నాలుగో దశకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2028-29 వరకు సాగే ఈ దశలో 70,125 కోట్ల రూపాయలతో 62,500 కిలోమీటర్ల రోడ్లు వేసి 25,000 ఆవాసాలను కలుపుతారు. గీత అదే. ఆ గీతకు ఆనించే జనాభా మాత్రం 2011 నాటిది. అప్పుడు ఒడిలో ఉన్న పిల్లకు ఇప్పుడు పెళ్ళీడు దగ్గరపడుతోంది, మా తండా ఆమెను ఇంకా శిశువుల గడిలోనే చూపించాలి.

అంతకన్నా చిక్కైనది మరొకటి. 250 మంది చాలునన్న మినహాయింపు గిరిజన జనానికి కాదు, రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించిన నేలకు. ఉమ్మడి పాలమూరులో ఆ ప్రాంతం నల్లమల వైపు ఉంది. నారాయణపేట మెట్ట భూముల్లోని తండాల్లో దాదాపు అందరూ షెడ్యూల్డు తెగల వారే అయినా, నేల షెడ్యూలులో లేదు కాబట్టి మాకు 500 గీతే వర్తిస్తుంది. మా జిల్లాలోనే నర్వ మండలం, వెనుకబడినదని కేంద్రం గుర్తించిన 'ఆకాంక్షిత బ్లాకు' కావడం వల్ల అక్కడ 250 చాలు. పక్క మండలపు తండాకు ఆ వెసులుబాటు లేదు. రెండు తండాల నడుమ ఉన్నది ఒక పొలం గట్టు. మరి 2018లో మేము పంచాయతీ కావడానికి చాలిన మనుషులు రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎలా తగ్గారు? రెవెన్యూ గ్రామానికి ఒకే అంకె ఉన్నప్పుడు, దానిని ఊరికి ఇంత, ఈ తండాకు ఇంత, ఆ తండాకు ఇంత అని పంచడానికి ప్రాతిపదిక ఏమిటి? ఇంజనీరు గారు నాతో మర్యాదగానే మాట్లాడారు. ఆయన చేతిలో ఉన్న కాగితం మీద మేము గీతకు కొద్దిగా కింద ఉన్నాము, అంతే.

రెవెన్యూ గ్రామం వరకు బీటీ రోడ్డు ఉంది. అక్కడి నుంచి మా తండాకు మూడు కిలోమీటర్ల మొరం బాట, నడుమ వాగు, వాగు మీద మోకాలెత్తు కాజ్‌వే. వాన పెద్దదైతే నీళ్ళు దాని మీదుగా పారుతాయి. నీళ్ళు తీసిన తరువాత కూడా పాకురు వల్ల రెండు రోజులు బండ్లు జారతాయి. నెలలు నిండిన ఆడవాళ్ళను వానాకాలంలో పది రోజుల ముందే మండల కేంద్రంలోని చుట్టాల ఇంట దిగబెట్టడం మాకు ఆనవాయితీ అయిపోయింది, చుట్టాలు లేనివారు గది అద్దెకు తీసుకుంటారు. వాగవతల మా తండాకే చెందిన ఇరవై ఇళ్ళ గుంపు ఒకటి ఉంది. ఐదువందల మీటర్ల లోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించవచ్చునని ఆ పథకపు మార్గదర్శకాల్లోనే ఉంది కనుక, ఆ ఇరవై ఇళ్ళను మాతో కలిపి చూపవలసిందిగా మనవి.

జనగణన వారు జిల్లాకొకటిగా వెలువరించే దర్శినిలో గ్రామాల వసతుల పట్టిక ఒకటి ఉంటుంది. తీరిక దొరికినప్పుడు దానిని చదవడం నాకు సరదా. ఊరికి ప్రభుత్వ బస్సు ఉందా, ప్రైవేటు బస్సు ఉందా, రైల్వే స్టేషను ఉందా, ఆటోలు, టాక్సీలు, ట్రాక్టర్లు ఉన్నాయా, తొక్కుడు రిక్షా ఉందా, పశువులు లాగే బండి ఉందా, పడవ రేవు ఉందా అని గడి తరువాత గడి వస్తుంది. జాతీయ రహదారి మొదలుకొని కాలిబాట వరకు అన్నింటికీ చోటుంది. అంత ఓపికగా తయారుచేసిన పట్టికలో బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుందన్న గడి మాత్రం లేదు. రోజుకు ఇరవైసార్లు వచ్చినా, వారానికి ఒకసారి సంత నాడు వచ్చినా 'ఉంది' అన్నది ఒకటే మాట. వసతి లేకపోతే అది ఎంత దూరాన దొరుకుతుందో కూడా మూడు అక్షరాలతో సరిపెడతారు: ఐదు కిలోమీటర్ల లోపు అయితే ఒక అక్షరం, ఐదు నుంచి పది వరకు ఇంకొకటి, పది దాటితే మరొకటి. మా రెవెన్యూ గ్రామానికి బస్సు 'ఉంది'. కాబట్టి దాని శివారులోని మాకూ కాగితం మీద బస్సు ఉన్నట్టే. ఆ బస్సు ఆగే చోటికి నడవవలసిన మూడు కిలోమీటర్లకు ఒక్క అక్షరం కూడా ఖర్చుకాలేదు.

ఒక పక్క మాట. 2011లోనే, పనికి వెళ్ళేవారు ఎంత దూరం, ఏ వాహనం మీద వెళ్తున్నారో జనగణన అడిగింది. అయితే ఆ ప్రశ్న సాగుదారులనూ వ్యవసాయ కూలీలనూ వదిలి, ఇతర పనులు చేసేవారికి మాత్రమే. పత్తి ఏరే కాలంలో తెల్లవారకముందే ఆటోలో ముందు సీటు పక్కన ఇద్దరు, వెనుక అడ్డపలక మీద నలుగురు, మొత్తం పన్నెండు మంది ఆడవాళ్ళు పక్క మండలపు చేలకు పోతారు. దేశపు లెక్కలో వారిది ప్రయాణం కాదు.

బస్సు విషయం చివరకు ఉంచింది చిన్నదని కాదు, చెప్పవలసినది ఎక్కువ ఉందని. మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సుకు దేశంలోనే పాత చరిత్ర ఉంది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సేవ అది. మా రెవెన్యూ గ్రామానికి నా చిన్ననాటి నుంచి నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి చావడి ముందు ఆగేది. డ్రైవరు, కండక్టరు చావడి గదిలో పడుకునేవారు, కండక్టరు టికెట్ల పెట్టెను తలగడగా పెట్టుకునేవాడు. పొద్దున ఐదున్నరకు ఇంజను వేడెక్కే చప్పుడు మూడు కిలోమీటర్ల అవతల మా తండాకు వినబడేది, అది విని పరుగు తీసేవాళ్ళం. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, పరీక్షలకు పోయే పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు అందరూ ఆ ఒక్క బస్సులోనే. నేను పదవ తరగతి పరీక్ష రాసింది ఆ బస్సు ఎక్కి వెళ్ళే.

ఆ నైట్ హాల్ట్ కరోనా కాలంలో ఆగింది, మళ్ళీ రాలేదు. పగటి ట్రిప్పులు రెండు మిగిలాయి, వాటిలో ఒకటి తరువాత పోయింది. కారణం అడిగితే డిపోలో ఒక అధికారి ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు. కిలోమీటరుకు వచ్చే ఆదాయం తక్కువ, సీట్లు నిండే శాతం తక్కువ, డీజిలు ఖర్చు కూడా రావడం లేదు అన్నారు. ఆయన చూపించిన కాగితంలో నెలలు చూశాను. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఊళ్ళో మనుషులు లేని నెలలు ఏరి పెట్టినట్టు అవే. దసరాకు ముందు నెల, తొలకరి తరువాతి నెల తీసుకుంటే ఆ బస్సు మెట్ల మీద కూడా జనం నిలబడి ఉంటారు. జనగణన చేసిన పొరపాటునే, దానితో ఏ సంబంధమూ లేని మరొక కార్యాలయం, మరొక కాగితం మీద మళ్ళీ చేసింది. మండల కేంద్రం నుంచి ముంబయికి రాత్రిపూట నేరుగా బస్సు దొరుకుతుంది, ఆ బస్సు ఎక్కడానికి మండల కేంద్రం చేరాలంటే మాత్రం మావాళ్ళు మూటలతో సహా ఆటోకు డబ్బులిచ్చుకోవాలి.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. మంచి పథకం, దానివల్ల చదువు మానకుండా నిలబడిన ఆడపిల్లలను నేను ఎరుగుదును. అయితే వారు బస్సు దారి పక్కన ఉన్న ఊళ్ళవారు. మా తండా నుంచి మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలకు పోయే పిల్లలు ఉదయం ఆటోకు, సాయంత్రం ఆటోకు ఇచ్చుకుంటూనే ఉన్నారు. ఉచితంగా కొట్టే జీరో టికెట్టు మీద వారి ప్రయాణం నమోదు కాదు కాబట్టి, ఈ దారిలో మహిళా ప్రయాణికులు లేరనే కాగితం చెబుతుంది. ఆ కాగితం చూసి బస్సు వేయనవసరం లేదనే నిర్ణయమూ వస్తుంది. రైలు సంగతీ ఇంతే. 1997-98లో మంజూరైన మునీరాబాద్-మహబూబ్‌నగర్ లైనులో జక్లేరు నుంచి కృష్ణా వరకు 37 కిలోమీటర్ల ముక్క 2023 అక్టోబరు 1న ప్రారంభమై, కాచిగూడ నుంచి రాయచూరుకు రైలు నడవడం మొదలైంది. ఇరవై ఐదేళ్ళు ఎదురుచూసిన పట్టాలు వచ్చాయి. మాకు వాటి దాకా పోయే దారే రాలేదు.

కాబట్టి నేను కోరుతున్నవి చెబుతాను. ఈసారి జనగణనలో ఇళ్ళ జాబితా 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపల, తలల లెక్క 2027 ఫిబ్రవరిలో జరిగేలా షెడ్యూలు ప్రకటించారు. పరిపాలన సరిహద్దులను కూడా 2025 డిసెంబరు 31తో కదలకుండా నిలిపారు. రెవెన్యూ గ్రామమే ప్రాతిపదికగా ఉండాలంటే ఉండనివ్వండి. కాని లెక్కింపు బ్లాకు గీసేటప్పుడు తండా మొత్తం ఒకే బ్లాకులోకి వచ్చేలా, ఊరి వీధులతో కలిసిపోకుండా గీయించండి. బ్లాకు అంటే ఏడెనిమిది వందల మంది చుట్టుపక్కల ఉంటుంది, మా వంటి తండాకు అది సరిగ్గా అతికే కొలత. లెక్క తేలిన తరువాత ఆ అంకెను రెవెన్యూ గ్రామపు మొత్తంలో కలిపి దాచకుండా, ఆవాసం పేరుతో విడిగా అచ్చువేయండి. ఆ ఒక్క పని జరిగితే ఇంజనీరు గారు అంకెలను పంచుకునే శ్రమ తప్పుతుంది, నాకు అర్జీలు రాసే శ్రమ తప్పుతుంది.

తాళం వేసిన ఇంటి ముందు ఎన్యూమరేటరు నిలబడినప్పుడు, ఆ ఇంటివారు ఏ జిల్లాకు, ఏ పనికి, ఎవరి వెంట పోయారో పక్కింటి వారిని అడిగి రాసుకొని, ఆ సమాచారాన్ని ముంబయి, ఠాణే, పుణె అధికారులకు ముందుగానే పంపే ఏర్పాటు చేయండి. గుంపు మేస్త్రీల ఫోను నంబర్లు ప్రతి తండాలో ఉన్నాయి. ఈసారి లెక్క ఫోను తెర మీదే జరుగుతోంది కాబట్టి, కాగితాల కాలంలో కుదరనిది ఇప్పుడు కుదరాలి. గ్రామాల వసతుల పట్టికలో బస్సు రోజుకు ఎన్నిసార్లు, ఏడాదిలో ఎన్ని నెలలు అన్న రెండు గళ్ళు చేర్చండి, దూరానికి అక్షరం బదులు కిలోమీటర్లు వేయండి.

రహదారుల అధికారులకు నా మనవి ఒకటే. సడక్ యోజన నాలుగో దశ 2028-29 వరకు ఉంది. 2027 లెక్క ఆ గడువు ముగియక ముందే చేతికి వస్తుంది. గీతకు కొద్దిగా కింద ఆగిపోయిన ఆవాసాల జాబితాను మూసివేయకుండా, కొత్త అంకె రాగానే మరొక్కసారి చూడండి. ఈలోగా, రోడ్డు వచ్చినా రాకపోయినా, వాగు మీద కాజ్‌వేను మనిషెత్తు లేపించండి. దానికి జనాభాతో పని లేదు, వాగుకు మమ్మల్ని లెక్కపెట్టే అలవాటు లేదు.

బస్సుల అధికారులు ఏడాది పొడవునా ఒకే టైం టేబులు పట్టుకొని నష్టం వస్తోందని రూటు రద్దు చేయకుండా, తొలకరి నుంచి దీపావళి వరకు రెండు ట్రిప్పులు, మిగిలిన నెలల్లో కళాశాల వేళకు ఒక్క ట్రిప్పు నడపవచ్చు. పెద్ద బస్సు కాజ్‌వే దాటలేదంటే చిన్న బస్సు చాలు. నైట్ హాల్ట్ తిరిగి వేస్తే డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి పంచాయతీ గది, ఫ్యాను, పొద్దున చన్నీళ్ళో వేన్నీళ్ళో మేమే చూసుకుంటామని మా సర్పంచి సంతకంతో కాగితం ఇస్తాము.

ఇక, 2027 ఫిబ్రవరిలో మా తండాకు రాబోయే ఎన్యూమరేటరు ఎవరో నాకు తెలియదు కాని, వారికి దారి చెప్పడం నా బాధ్యత. మండల కేంద్రంలో దిగి, పాత మార్కెట్టు ముందు ఆటోల దగ్గరికి రావాలి. రెవెన్యూ గ్రామం వరకు ఆటో నిండితేనే కదులుతుంది, నిండటానికి అరగంట పడుతుంది. అక్కడి నుంచి మా తండాకు నడక, లేదా ముందుగా ఫోను చేస్తే మా అబ్బాయి బండి తీసుకొని వస్తాడు. సాయంత్రం ఆరు దాటితే వెనక్కి ఆటో దొరకదు. రాత్రికి మా ఇంట్లోనే ఉండవచ్చు. ఏ ఇంటివారు ఎక్కడున్నారో, ఎవరు 15వ తేదీకి వస్తున్నారో రాసిన నోటుపుస్తకం నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మాజీ ఎన్యూమరేటరు,
నారాయణపేట జిల్లా